బల్ల మీద వాటర్లూ

226 మెట్లు! ఆయాసపడుతూ పైకెక్కి, రాతి పీఠం మీద నిలబడ్డ ఇనుప సింహం కింద కాస్త ఊపిరి పీల్చుకుని చుట్టూ చూస్తే... పచ్చని పొలాలు. మధ్యలో నిటారుగా సాగిపోయే రోడ్డు. అక్కడక్కడా తెల్లగోడల పాత ఇళ్లు, పశువుల కొట్టాలు. అంతే! నెపోలియన్ చక్రవర్తి జాతకం తిరగబడిన చోటు ఇదేనా అని మొదటిసారి వచ్చినవాళ్లు నోరు వెళ్లబెడతారు. బెల్జియం రాజధాని బ్రసెల్స్‌కు దక్షిణాన, కారులో అరగంట దూరంలో ఉంది వాటర్లూ. ఇంత చిన్న నేలమీద ఒక్కరోజులో దాదాపు రెండు లక్షల మంది తలపడ్డారంటే నమ్మబుద్ధి కాదు.

అసలు చిత్రం మరొకటుంది. ఏ దిబ్బ మీద నిలబడి ఆ యుద్ధభూమిని చూస్తామో, ఆ దిబ్బే యుద్ధభూమిని మార్చేసింది. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ తన సైన్యాన్ని దాచిపెట్టిన మిట్ట ఒకటి ఉండేది. అదే ఆయన పెట్టనికోట. యుద్ధం ముగిశాక, తన కొడుకు గాయపడిన చోట స్మారకం కట్టాలనుకున్నాడు నెదర్లాండ్స్ రాజు. అందుకు మట్టి ఎక్కణ్నుంచి తేవాలి? పక్కనే ఉన్న ఆ మిట్టనే తవ్వారు. 1826 నాటికి నలభై మీటర్లకు పైగా ఎత్తున సింహం దిబ్బ లేచింది. మిట్ట చాలాచోట్ల చదునైపోయింది.

మరి 1815 నాటి వాటర్లూను చూడాలంటే ఎలా? దారి ఉంది. ఇంగ్లిష్ చానెల్ దాటి లండన్ వెళ్లాలి. అక్కడి చెల్సీలో ఉన్న నేషనల్ ఆర్మీ మ్యూజియంలో అడుగుపెట్టాలి. ఓ పెద్ద గది నేలంత బల్ల మీద ఆ మిట్ట, ఆ పల్లం, ఆ దారులు అలాగే ఉన్నాయి. వాటి మీద 70 వేలకు పైగా బుల్లి సైనికులు... ఒక్కొక్కరూ గోరంత. తగరం, సీసం కలిపి పోసిన బొమ్మలు. ఒక్కో బొమ్మ ఇద్దరు మనుషులకు లెక్క.

ఆ ఆదివారం...

1815 జూన్ 18. ఆదివారం. ముందురోజు రాత్రంతా ఒకటే వాన. నేల చిత్తడి చిత్తడిగా ఉంది. బురదలో ఫిరంగులు కదలవు. గుండు పడ్డచోటే కూరుకుపోతుంది తప్ప ఎగిరెగిరి దూసుకుపోదు. అందుకే నేల కాస్త ఆరనిద్దామని ఆగాడు నెపోలియన్. పోరు మొదలయ్యేసరికి దాదాపు పదకొండున్నర. ఆయన దగ్గర సుమారు 73 వేలమంది. వెల్లింగ్టన్ వైపు సుమారు 68 వేలు. వాళ్లంతా బ్రిటిష్ వాళ్లే అనుకుంటే పొరపాటు. డచ్చివాళ్లు, బెల్జియన్లు, రకరకాల జర్మన్ సంస్థానాలవాళ్లు కలిస్తేనే ఆ సంఖ్య. తూర్పు నుంచి బ్లూషర్ నాయకత్వంలో ప్రష్యా సైన్యం బురదలో పడుతూ లేస్తూ వస్తోంది. అది ఎప్పుడు చేరుతుందన్నదే ఆ రోజు ప్రశ్న.

మధ్యాహ్నం నాలుగున్నర తర్వాత ఫ్రెంచి సైన్యం కుడిపక్కన ప్రష్యన్ల తాకిడి మొదలైంది. రాత్రి ఏడు దాటాక నెపోలియన్ తన ఆఖరి అస్త్రాన్ని వదిలాడు. అదే ఇంపీరియల్ గార్డ్. మిట్ట ఎక్కబోయి అదీ వెనుదిరిగింది. చీకటిపడే వేళకు ఆ పొలాల్లో 40 వేల మందికి పైగా చనిపోయో, గాయపడో ఉన్నారు.

పొలంలో పంటేమిటి?

లండన్ మ్యూజియంలోని బొమ్మల బల్లను చేసినవాడి పేరు విలియం సిబార్న్. సైన్యంలో చిన్న అధికారి. చిత్రమేమిటంటే ఆయన వాటర్లూలో పోరాడలేదు. 1830లో పై అధికారులు నమూనా తయారుచేయమన్నారు. సిబార్న్ నేరుగా యుద్ధభూమికి వెళ్లి, పోరు మధ్యలో చిక్కుకున్న లా హే సాంత్ అనే ఇంట్లోనే ఎనిమిది నెలలు కాపురమున్నాడు. గజం గజం కొలిచాడు. అప్పటికే దిబ్బ లేచింది, మిట్ట తరిగింది. ఇక మిగిలింది మనుషుల జ్ఞాపకాలే.

దాంతో యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాశాడు. సాయంత్రం ఏడు గంటలప్పుడు మీ పటాలం ఎక్కడుంది? ఎలా బారులు తీరింది? ఎదురుగా శత్రువు ఎలా ఉన్నాడు? మీ ముందున్న పొలంలో ఏ పంట ఉంది? ఈ చివరి ప్రశ్న చదివి ఎందరు ముక్కున వేలేసుకున్నారో! కానీ రై పంట మనిషెత్తు పెరిగితే ఎదుటివాడు కనపడడు. అదే తొక్కిన పొలమైతే అంతా బట్టబయలు. సైనికుడికి పంట కూడా ప్రాణమో మరణమో. అలా వందల జవాబులు వచ్చాయి. ఒక యుద్ధం గురించి అందులో ఉన్నవాళ్లను అంత పద్ధతిగా అడిగి రాయించడం అంతకుముందు దాదాపు లేదు.

మధ్యలో ప్రభుత్వం చేతులెత్తేసింది. సిబార్న్ సొంత డబ్బు పెట్టాడు. అప్పులు తెచ్చాడు. ఖర్చు మూడువేల పౌన్ల దాకా వెళ్లింది. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. 1838లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్లో ప్రదర్శనకు పెడితే జనం టికెట్టు కొని మరీ విరగబడ్డారు. అయినా ఆయన అప్పు మాత్రం తీరలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు బల్ల మీదే ఉంది. సిబార్న్ ప్రష్యన్లను కూడా అడిగాడు. వాళ్లిచ్చిన వివరాల ప్రకారం ఏడు గంటల వేళకు వేల ప్రష్యన్ బొమ్మలను ఫ్రెంచివాళ్ల పక్కన నిలబెట్టాడు. చూసేవాడికి అర్థమయ్యేదేమిటి? గెలుపు వెల్లింగ్టన్ ఒక్కడిది కాదని! డ్యూక్ పరివారానికి ఇది రుచించలేదు. ఆ నిమిషానికి అక్కడ అంతమంది లేరని వాదించారు. చివరికి సిబార్న్ వేల ప్రష్యన్ బొమ్మలను బల్ల మీంచి తీసేశాడు. గోరంత బొమ్మలు తీసేస్తే ఏమవుతుంది? ఓ సైన్యం కథలోంచి మాయమవుతుంది! ఏమైనా ఆయన బొమ్మలు చేయడం మానలేదు. 1844లో రెండో నమూనా చూపించాడు. అదే ఏడాది యుద్ధ చరిత్రా అచ్చేశాడు. 1849లో కన్నుమూశాడు.

పాచిక పడితే తలుపు మూసుకుంటుంది

సిబార్న్ బొమ్మలు కదలవు. ఆ నిమిషంలోనే నిలిచిపోయాయి. కానీ బ్రిటన్‌లో వారాంతం వస్తే చాలు, ఎన్నో ఊళ్ల హాళ్లలో, ఇళ్ల గ్యారేజీల్లో కదిలే వాటర్లూలు కనిపిస్తాయి. నలుగురైదుగురు స్నేహితులు. ఎనిమిది అడుగుల బల్ల. దానిమీద ఆకుపచ్చ గుడ్డ, కింద పుస్తకాలు పెట్టి లేపిన మిట్టలు. రై పొలం కావాలా? గుమ్మం ముందు పరిచే కొబ్బరిపీచు పట్టాను ముక్కలుగా కోస్తే సరి! సైనికుడు 28 మిల్లీమీటర్ల ఎత్తు. కోటు రంగు, కాలరు రంగు, గుండీల వరస... అన్నీ పుస్తకాలు చూసి సన్నని కుంచెతో వేసినవే. సైన్యం సిద్ధం కావడానికి ఏళ్లు పడుతుంది. మన ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్లకు ఈ ఓపిక తేలిగ్గానే అర్థమవుతుంది.

ఆటేమీ చిన్నపిల్లల వ్యవహారం కాదు. ఎవరు ఎంతదూరం నడవాలో టేపుతో కొలుస్తారు. కాలిబంటు కొన్ని అంగుళాలే. గుర్రం అంతకు రెట్టింపు. కాల్పులు తగిలాయా లేదా, పటాలం నిలబడిందా పారిపోయిందా... పాచికలు చెబుతాయి. గుర్రాలు దూసుకొస్తుంటే కాలిబలం నాలుగువైపులా తుపాకులు చాచి చతురస్రంగా నిలబడాలి. అప్పుడు గుర్రం దగ్గరికి రాదు. కానీ గుంపుగా నిలబడ్డ చతురస్రం ఫిరంగికి పండగే! ఏది ఎంచుకోవాలి? పులి-మేక ఆడినవాళ్లకు ఈ ఇరకాటం కొత్త కాదు.

యుద్ధభూమిలో ఉగుమోన్ అనే ఇల్లుంది. 2015లో బాగుచేసి సందర్శకుల కోసం తెరిచారు. ఆనాడు ఫ్రెంచివాళ్లు దాని ఉత్తర ద్వారం బద్దలుకొట్టి లోపలికి చొరబడ్డారు. కొద్దిమంది బ్రిటిష్ సైనికులు భుజాలు ఆనించి ఆ తలుపు మూయగలిగారు. మూయలేకపోతే? బల్ల దగ్గర ఆ ప్రశ్నకు ఓ పాచిక చాలు. ఒకటి పడితే తలుపు తెరిచే ఉంటుంది. అప్పుడు కథ వేరు. వాన పడకపోయి ఉంటే? నెపోలియన్ తెల్లవారగానే దిగి ఉంటే? ప్రష్యన్లు గంట ఆలస్యమైతే? ఆ ఆఖరి ప్రశ్న దగ్గర చాలా బల్లల చుట్టూ గొంతులు లేస్తాయి. సిబార్న్ నాటి తగాదా ఇంకా తెగలేదన్నమాట!

ఈ ఆట పుట్టుకలోనూ వాటర్లూ జాడ ఉంది. ఆ రోజు వెల్లింగ్టన్ పక్కనే ప్రష్యా ప్రతినిధిగా నిలబడ్డ సేనాని మ్యూఫ్లింగ్. తొమ్మిదేళ్ల తర్వాత, 1824లో రైస్విట్జ్ అనే యువ అధికారి పటం, పాచికలతో ఆడే యుద్ధక్రీడను చూపిస్తే, మొదట పెదవి విరిచినా చివరికి సైన్యమంతటికీ సిఫారసు చేసింది ఆయనే. దాన్ని పెద్దలు, పిల్లలు ఇంట్లో ఆడుకునే సరదాగా మార్చింది రచయిత హెచ్.జి.వెల్స్. 1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకం రాశాడు. బొమ్మలతో ఆడితే అసలు యుద్ధం ఎంత పొరపాటో తెలిసొస్తుందన్నది ఆయన మాట. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది.

మనవాళ్లూ ఉన్నారు

వెల్లింగ్టన్ యుద్ధవిద్యలో ఆరితేరింది మన దేశంలోనే. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. 1803 సెప్టెంబరు 23న, నేటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సయే దగ్గర మరాఠాలను ఓడించాడు. ఆ పోరులో ఆయన వెంట మద్రాసు సిపాయి పటాలాలున్నాయి. తొలినాళ్ల కంపెనీ సిపాయిల్లో తెలుగువాళ్లు ఎక్కువ కావడంవల్లే ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అనేవారంటారు. అస్సయే కూడా ఈ బల్లల మీద తరచూ కనిపించే యుద్ధమే. ఎర్రకోటు, వింత తలపాగా, మోకాళ్లపైకి నిక్కరు, కాళ్లకు చెప్పులు... మద్రాసు సిపాయి బొమ్మను ఎక్కడో ఇంగ్లండ్‌లో ఒకాయన భూతద్దం పెట్టుకుని రంగులు వేస్తుంటాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ సిపాయి ముఖం ఎప్పుడైనా చూశామా?

నేలలో ఏం మిగిలింది?

2015 నుంచి ‘వాటర్లూ అన్‌కవర్డ్’ అనే స్వచ్ఛంద సంస్థ ఆ పొలాల్లో తవ్వకాలు జరుపుతోంది. తవ్వేవాళ్లలో పురావస్తు శాస్త్రవేత్తలతోపాటు మాజీ సైనికులూ ఉంటారు. ఈ కాలపు యుద్ధాల్లో ఒంటికో, మనసుకో గాయమైనవాళ్లు. పాత సైనికుడి తుపాకీ గుండు చేతిలోకి తీసుకుని తమ కథ చెప్పుకోవడం వాళ్లకు ఊరట. ఆ సంస్థకు విరాళాల కోసమే 2019 జూన్‌లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో వాటర్లూను మళ్లీ ఆడారు. రెండురోజులు, 20 వేలకు పైగా బొమ్మలు! ఎందరో ఇళ్లలో కూర్చుని రంగులు వేసి పంపినవి.

వేలమంది చనిపోయిన నేలలో ఇప్పటిదాకా దొరికిన పూర్తి అస్థిపంజరాలు వేళ్లమీద లెక్కించేటన్ని. 2012లో ఒకటి. 2022లో నాటి సైనిక ఆస్పత్రి మోంట్ సాంజా దగ్గర మరొకటి. మరి మిగతావాళ్లు ఏమయ్యారు? 19వ శతాబ్దంలో ఎముకలు తవ్వి అమ్ముకున్నారనీ, పంచదార శుద్ధి చేయడానికి ఎముకల బొగ్గు వాడేవారనీ చరిత్రకారులు ఆధారాలు చూపిస్తున్నారు. మిట్ట దిబ్బలోకి పోయింది. మనుషులు బస్తాల్లో పోయారు.

పల్నాడులోని కారంపూడిలో ఏటా వీరుల ఆరాధన ఉత్సవాలు జరుగుతాయి. నాటి వీరుల పేరు చెప్పి ఆయుధాలను బయటికి తెచ్చి కొలుస్తారు. చనిపోయినవాళ్లను ఏదో ఒక రూపంలో లెక్కలో ఉంచుకోవడం మనిషికి అలవాటు. చెల్సీలోని బల్ల మీద సిబార్న్ చేసిందీ అదే. అక్కడ నిలబడ్డ ఒక్కో బొమ్మలో ఇద్దరున్నారు. ఈ వారాంతం ఏదో హాల్లో ఆట ముగిశాక, పడిపోయిన బొమ్మలను కూడా నలుగురు స్నేహితులు జాగ్రత్తగా ఏరి, రంగు పోకుండా దూదిలో పెట్టి, డబ్బాల్లో సర్దుతారు. వచ్చేవారం అందరూ మళ్లీ లేచి నిలబడాలి కదా!

ఎలా వెళ్లాలి?

బ్రసెల్స్ నుంచి బ్రెన్ లాల్యూ స్టేషన్‌కు రైలుంది. యుద్ధభూమి అక్కడికి దగ్గర. సింహం దిబ్బ, పక్కనే నేల అడుగున కట్టిన మెమోరియల్ 1815 మ్యూజియం, 110 మీటర్ల పొడవైన గుండ్రటి వర్ణచిత్రం ఒకేచోట ఉంటాయి. ఉగుమోన్‌కు పొలాల మధ్యనుంచి నడవొచ్చు. లండన్‌లో నేషనల్ ఆర్మీ మ్యూజియానికి దగ్గరి భూగర్భ రైల్వే స్టేషన్ స్లోన్ స్క్వేర్. ప్రవేశం ఉచితం. సిబార్న్ రెండో నమూనా లీడ్స్ నగరంలోని రాయల్ ఆర్మరీస్‌లో ఉంది.