వేలు మార్చుకోలేం

నాపరాయి పాలిష్ పట్టే యూనిట్లలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల వేళ్లు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? రాతిపొడి, నీళ్లు కలిసి గీతల్ని అరగదీస్తాయి. కొనలు నున్నగా మెరుస్తుంటాయి. మా ఎర్రగుంట్లలో రేషన్ ఇచ్చేచోట అట్లాంటి ఒకామె వేలిని కొంగుకు తుడిచి తుడిచి మిషన్ మీద పెడుతుంటే, "అత్తా, ఇంగో ఏలు పెట్టు" అంటాడు డీలర్. పది వేళ్లూ అయిపోతాయి. కార్డు ఆమెదే, మనిషి ఎదురుగానే ఉంది. మిషన్ మాత్రం ఒప్పుకోదు.

మరోపక్క, 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దింపుకుని, వాటిమీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపులు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడట. స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్న పాపానికి ఆ జనం వేళ్లు అంగట్లో పడ్డాయి. కష్టపడి అరిగిన వేలికి బియ్యం లేవు, రబ్బరు వేలికి సిమ్ వచ్చింది!

ఆ కేసుతో నాకు తెలిసొచ్చింది ఒకటే: పిన్ నంబరు బయటపడితే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం. మార్చుకోవాలని చూసినవాళ్లూ ఉన్నారు. కువైట్ నుంచి వెనక్కి పంపేసినవాళ్లు మళ్లీ వెళ్లేటప్పుడు దొరక్కుండా వేలికొనలు కోసి కుట్టే ముఠాను 2022 ఆగస్టులో రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. మనిషికి 25 వేల రూపాయలు. అందులో మన కడప జిల్లావాళ్లున్నారు. కువైట్ బతుకులు తెలిసిన జిల్లా మనది. ఆ వార్త చదివితే కడుపులో దేవింది.

అందుకే ముద్రను కాపాడే భారం ఇచ్చేవాళ్ల మీద కాదు, తీసుకునేవాళ్ల మీద ఉండాలి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. సిమ్‌కూ, బ్యాంకు ఖాతాకూ ఆధార్ తప్పనిసరి కాదని, ముద్ర పడలేదని ఎవరికీ సాయం ఆపొద్దని 2018 సెప్టెంబరు 26న తేల్చింది. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. ఇవన్నీ అడిగేవాళ్లుంటేనే పనిచేస్తాయి. ముద్ర ఎందుకు, ఎన్నాళ్లు దాస్తారు, వేరే దారి లేదా అని అడగండి.

ఆధార్ వెబ్‌సైట్‌లో మీ ముద్రను ఎవరూ వాడకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ ఉంది. ముద్ర వేయాల్సిన రోజు తీసి, మళ్లీ వేసుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ముందు అది వేసిపెట్టండి.