అసలు సూది, దొంగ సూది

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. టీవీలో పొద్దుటి నుంచీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమే. చేప ప్రసాదం కోసం ఉబ్బసం వాళ్ల బారులు. ఆ హోరు భరించలేక కట్టేశాను. నిన్న సాయంత్రం మొదలైన మైగ్రేన్ పోటు ఎడమ కణతను వదల్లేదు.

కర్టెన్లు వేసుకుని పడుకున్నానో లేదో, వదిన ఫోను. హైదరాబాద్‌లో ఆక్యుపంక్చర్ సూదులు పెట్టించుకున్నాక తన మోకాలి నొప్పి తగ్గిందట. "నువ్వూ ఒకసారి చూడు అమ్మాయ్, పోయేదేముంది?"

డబ్బు పోతుంది, సెలవులు పోతాయి. అయినా కొట్టిపారేయలేకపోతున్నాను. న్యూరాలజిస్టు రాసిన ప్రొప్రనలాల్‌తో రోజంతా మబ్బుగా ఉంటుంది, మెట్లెక్కితే కాళ్లలో సత్తువ ఉండదు. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ బిళ్లకేమో హద్దుంది. నెలలో పది రోజులు దాటితే ఆ బిళ్లే కొత్త తలనొప్పి తెస్తుందని ఆయనే చెప్పారు. బడి తెరిస్తే చాక్‌పీసు పొడి, ఎండ, పిల్లల గోల.

జూన్ 10, మంగళవారం

"వేల ఏళ్ల నాటి వైద్యమే, ఊరికే ఉంటుందా?" అని వదిన వాదన. మా నాయనమ్మ ముంజేతి మీద కామెర్లకు వేసిన వాత మచ్చ ఆవిడ పోయేదాకా ఉంది. ఆ వాతకూ వయసు తక్కువేం కాదు.

పైగా అది పుట్టిన చైనాలోనే 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి సూదుల వైద్యాన్ని రాజవైద్య సంస్థలోంచి తీసేయించాడు. డాక్టర్లు చాలని దేశంలో మావో ప్రభుత్వం దాన్ని మళ్లీ నెత్తికెత్తుకుంది. మన దగ్గరికి వచ్చిన దారి మాత్రం నాకు నచ్చింది. 1938లో కాంగ్రెస్ చైనాకు పంపిన ఐదుగురు డాక్టర్లలో కోట్నీస్ అక్కడే చనిపోయాడు. శాంతారాం సినిమా పుణ్యమా అని ఆయన పేరు నిలిచింది. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్లీ వెళ్లి, ఈ విద్య నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. ఆయన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. 2019లో కేంద్రం దీన్ని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది కూడా. సర్కారు ముద్ర పడినంత మాత్రాన నా కణత ఊరుకుంటుందా?

జూన్ 14, శనివారం

రెండు రోజులుగా ఇదే చదువుతున్నాను. ఈ పరిశోధకుల తెలివికి దండం పెట్టాలి. దొంగ సూది ఒకటి తయారుచేశారు. సురభి నాటకంలో పొడిచే కత్తిలాగా దాని మొన పిడిలోకి జారుకుంటుంది. చర్మం మీద చురుక్కుమంటుంది, లోపలికి దిగదు. కొన్ని పరీక్షల్లో నిజం సూదులనే అసలు స్థానాలు కాని చోట గుచ్చారు.

మైగ్రేన్ మీద జరిగిన 22 పరీక్షల్ని, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు 2016లో కలిపి చూశారు. మామూలు వైద్యానికి సూదులు కూడా తోడైనవాళ్లలో నూటికి 41 మందికి తలనొప్పులు సగానికి సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గాయి. తోడవని వాళ్లలో 17 మందికే. ఇక్కడిదాకా వదినదే గెలుపు. కానీ అసలు సూదికి 50 అయితే, దొంగ సూదికి 41! సూది చేసే పని ఆ తొమ్మిదేనా? మిగతాదంతా అరగంట కదలకుండా పడుకోవడం, ఒకరు మన బాధ ఓపిగ్గా వినడం, తగ్గుతుందన్న ఆశ, దానంతట అదే తగ్గే గుణమూనా?

మొదట నీరుగారిపోయాను. తర్వాత అనిపించింది: చేప ప్రసాదాన్ని దొంగ చేపతో పోల్చి చూద్దామని ఎవరూ అడగరు. ఇది ఆ పరీక్షకు నిలబడి, కొద్ది తేడాతోనైనా గట్టెక్కింది. మూడు నెలల దగ్గర చూస్తే నివారణ మాత్రల కంటే వెనకబడలేదు కూడా. సూదులు ఒంట్లోని శక్తి నాడుల్ని కదిలిస్తాయన్న కథ నేను నమ్మను. నమ్మకపోయినా పెట్టించుకోవచ్చు.

జూన్ 17, మంగళవారం

బడి అయ్యాక ఒక క్లినిక్‌కి వెళ్లాను. పేరు రాయను. అక్కడాయన నాడి పట్టుకుని, నాలుక చూసి, "మాత్రలన్నీ ఇవాళే ఆపేయండి మేడమ్, విషాలు" అన్నాడు. షుగరుకూ థైరాయిడ్‌కూ అదే ప్యాకేజీ అట. సూదులు ఎక్కడివని అడిగితే "మీకెందుకండీ ఆ భయం" అన్నాడు. భయం ఎందుకుండదు! శుద్ధి లేని సూదితో హెపటైటిస్ బి వస్తుంది. ఛాతీ దగ్గర లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడ్డ సందర్భాలూ ఉన్నాయి. ప్రొప్రనలాల్ లాంటిది ఉన్నపళంగా ఆపితే గుండెకే ముప్పు. లేచి వచ్చేశాను.

జూన్ 22, ఆదివారం

నిన్న ఇంకో క్లినిక్‌లో నన్ను చూసినావిడ ఎంబీబీఎస్ చదివి, తర్వాత ఇది నేర్చుకున్నారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గుచ్చితే కళ్లు తిరుగుతాయా అని ముందే అడిగారు. నా ఎదుటే సూదుల సీలు చించి చూపించారు: వెంట్రుక కన్నా కాస్త మందం, ఒకసారి వాడి పారేసేవి. "మీ మాత్రలు మీవే. మార్చాలంటే మీ న్యూరాలజిస్టే మార్చాలి. ఏడెనిమిది వారాల్లో తేడా రాకపోతే నా దగ్గరికి రావడం మానేయండి" అన్నారు. ఈ ఒక్క మాటకే ఒప్పేసుకున్నాను.

ఈ పుస్తకంలో ఎడమ పేజీలు తలనొప్పికి వదిలేస్తున్నాను: తేదీ, ఎన్ని గంటలు, ఏ బిళ్ల. బుధవారం సాయంత్రం మొదటి సిట్టింగ్.

వదినకు ఫోన్ చేసి చెప్పాను. సంతోషించింది. దొంగ సూది సంగతి ఎత్తబోతే మధ్యలోనే ఆపేసింది. "అదొక్కటీ నాకు చెప్పకమ్మాయ్. విన్నానంటే నా మోకాలు మళ్లీ పట్టేస్తుంది."