వాచీ మాస్టారు

లెక్కలకు జడిసి తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి నేను. అయినా సి.ఏ. ఫౌండేషన్ లెక్కల పేపరు తప్పిన మేనల్లుణ్ణి అక్కయ్య ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు, నా దగ్గరికే పంపింది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తానన్నారట బావగారు.

ఇంట్లో నమూనా పేపరు రాస్తే వాడికి 70 వచ్చేవి. పరీక్షలో మాత్రం పాసుకు కావలసిన 40 కూడా రాలేదు. చూద్దును గదా, మధ్యలో ఒకసారి కాఫీ, మరోసారి జవాబుల పేజీ!

లెక్కలు రావుగాని, పరీక్షహాల్లో కాపలా కాయడం నా వృత్తే. వాచీ పట్టుకుని కూర్చున్నాను: 100 మార్కులు, 2 గంటలు. వాడికి 36 వచ్చాయి. మొండిలెక్కల దగ్గరే ఆగిపోయి, చివరి 40 మార్కుల స్టాటిస్టిక్సులో సగం ముట్టనేలేదు.

వాడి ముఖం చిన్నబోయింది. "ఇంట్లోనే తెలిసింది, మంచిదే గదరా!" అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున వాడే నన్ను లేపాడు: "మామయ్యా, వాచీ!"