నాన్నగారి కట్టుడుపండ్లు

కట్టుడుపండ్లను గూర్చి పాఠశాల సంచికలో వ్రాయుట కొందఱికి హాస్యముగా తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. కాని గత సంవత్సరము మా యింట నాలుగు నెలలపాటు ఈ చిన్న వస్తువును గూర్చియే వాదము జరిగినది. అందు మేము చేసిన తప్పు మఱికొన్ని యిండ్లలోను జరుగుచుండునేమో యను తలంపుతో దీనిని వ్రాయుచున్నాము.

మా నాన్నగారు ఈ పాఠశాలలోనే 28 సంవత్సరములు తెలుగు పండితులుగా పనిచేసిరి. నేడీ సంచికను చదువు తల్లిదండ్రులలో కొందఱు వారి బెత్తమును, అంతకంటె నెక్కువగా వారి ఉచ్చారణ పాఠమును ఎఱిగినవారే. "చలి" యనునపుడు నాలుక పండ్లకు తగులవలెను. "చెలి" యనునపుడు అంగిలిని తాకవలెను. మొదటిది దంత్యము, రెండవది తాలవ్యము. ఈ భేదము సంస్కృతమున లేదు, మన తెలుగున కలదు. తరగతి యంతయు లేచి నిలిచి "చలి, చెలి, జున్ను, జిల్లేడు" అని వల్లించిన గాని వారు పుస్తకము తెఱువనిచ్చువారు కారు.

వారికిప్పుడు 86 ఏండ్లు. సొంత పండ్లన్నియు ఊడిపోగా 14 సంవత్సరముల క్రిందట రెండు వరుసలును కట్టించుకొనిరి. మూడేండ్లనుండి మతిమఱపు ముదురుచున్నది. వైద్యులు దానిని డిమెన్షియా యనిరి. నిన్నటి మాట నేడు ఉండదు. చిన్ననాడు నేర్చిన పద్యములు మాత్రము చెక్కుచెదరలేదు.

గత మాఘమాసమున బంధువుల గృహప్రవేశమునకు వారిని తీసికొనిపోతిమి. భోజనమధ్యమున చిక్కుడుగింజ యేదో పండ్ల క్రిందికి పోయి బాధింపగా, వారు రెండు వరుసలను తీసి విస్తరి చివర నుంచి, ఆకు మడిచి లేచిరి. ఎవరో ఆ యాకును ఎత్తి పాఱవేసిరి. ఇంటికి వచ్చిన పిమ్మట గాని మాకు సంగతి తెలియలేదు. ఆ రాత్రి సెల్‌ఫోను దీపములు పట్టుకొని పందిరి వెనుకనున్న ఎంగిలాకుల కుప్పనంతయు తిరుగవేసితిమి. రెండు ఆవులు మాకంటె ముందే అచ్చటికి వచ్చియుండెను. చూచినవారు నవ్విరి, మేమును నవ్వితిమి. పండ్లు మాత్రము దొరకలేదు.

మేము ముగ్గురము సంతానము. పెద్దవారు హైదరాబాదులో నున్నారు, నడిమివారు ఈ యూరిలోనే యున్నారు. చిన్నది నాన్నగారిని తన యింట నుంచుకొని చూచుచున్నది. క్రొత్త పండ్లు కట్టింపవలెనా వద్దా యనుదానిపై మాలో ఎవరు ఏ మాట యనిరో విడదీసి వ్రాయుటలేదు. ఏలయన, అన్ని మాటలును ముగ్గురి మనస్సులలోను ఉండినవే.

వలదనుటకు కారణములు బలముగనే యుండెను. దంతవైద్యశాలకు అయిదాఱు పర్యాయములు పోవలెను. మొదట మెత్తని పదార్థముతో చిగుళ్ల అచ్చు తీయుదురు. పిదప మఱింత సరియైన అచ్చు. ఆ తరువాత మైనపుకట్టను నోటనుంచి రెండు దవడలును ఎచ్చట కలియునో కొలుతురు. అటుపిమ్మట మైనములో గ్రుచ్చిన పండ్లను పెట్టి చూతురు. తుదకు అసలు వరుసను అమర్చుదురు. చిగుళ్లు ఒరసి పుండ్లుపడిన యెడల మరల పోవలెను. క్షౌరమునకే కదలక కూర్చుండని మనిషి ఇన్నిమారులు నోరు తెఱచి కూర్చుండునా? కూర్చుండినను, మరల ఏ విస్తరిలోనో పాఱవేయడా? అదియునుగాక, భోజనమునకు లోటు లేదు. మొదటి నెలలో వారు కొంత చిక్కిరి గాని, మా చెల్లెలు మెత్తని పప్పు, మెదిపిన ఆకుకూర, గ్రుడ్డు, మజ్జిగయన్నము, పండ్లగుజ్జు వంతులవారీగా పెట్టి మునుపటి బరువునకు తెచ్చెను.

కావలెననుటకు మేము పుస్తకములలోని సంగతులు వెదకితిమి. అమెరికా ప్రథమాధ్యక్షుడైన జార్జి వాషింగ్టను 1789లో పదవి స్వీకరించునాటికి ఆయన నోట సొంత పన్ను ఒక్కటియే మిగిలియుండెను. ఆయనవి కొయ్యపండ్లని లోకము చెప్పుకొనును గాని అది నిజము కాదు. నీటిగుఱ్ఱపు దంతముతోను, మనుష్యుల పండ్లతోను, లోహముతోను చేసినవి. 1815లో వాటర్లూ యుద్ధమున మరణించిన సైనికుల పండ్లను పెఱికి ధనికులకు కట్టిరి. పిదప గంధకముతో గట్టిపఱచిన రబ్బరును, 1930 దశకమున నేటి ఆక్రిలిక్కును వచ్చి, ఈ సౌకర్యమును సామాన్యులకు అందించినవి. ఇదంతయు విని మాలో నొకరు, "వాషింగ్టను తన పండ్లను విస్తరిలో వదలి లేచువాడు కాడు గదా" అనిరి. దానితో ఆనాటి చర్చ ముగిసెను.

ఇక వ్రాయుటకు సిగ్గుపడు సంగతి యొకటి కలదు. వైద్యశాలలో 15,000 రూపాయలగునని చెప్పిరి. ఒకనాటి రాత్రి మాలో ఒకరు కాగితముపై ఆ మొత్తమును వ్రాసి, క్రింద నెలల సంఖ్య నొకదానిని వేసి భాగించిరి. ఆ నెలలు దేనికి లెక్కయో ఎవరును నోటితో అనలేదు. మిగిలిన యిద్దఱమును ఆ కాగితమును చూచితిమి, కాదనలేదు. నాన్నగారు ఆ గదిలోనే మంచముపై కూర్చుండి గోడవైపు చూచుచుండిరి. వారప్పటికి రెండు నెలలుగా మాటలాడుట దాదాపు మానివైచిరి. పలుకరించిన తలయూపుట, కండువా కొంగు నోటికడ్డము పెట్టుకొనుట, అంతే. రోగము ముదిరినదనుకొంటిమి. వారెదుటనే వారిని గూర్చి, అచ్చట లేనివారిని గూర్చి మాటలాడినట్లు మాటలాడుట మాకు అలవాటైపోయెను.

తుదకు ఒక దంతవైద్యురాలి కడకు సలహాకై వారిని తీసికొనిపోతిమి. మేము మా వాదములన్నియు వినిపించితిమి. ఆమె ఓపికతో విని, "మీరు మాస్టరుగారిని అడిగితిరా?" అనెను. అడిగినను ఆయనకు తెలియదంటిమి. ఆమె మాకు బదులు చెప్పక తన పీటను నాన్నగారి యెదుటికి జరుపుకొని, వారి కన్నులలోనికి చూచి, మెల్లగా, "మాస్టరుగారూ, మీకు పండ్లు కావలెనా?" అని యడిగెను. చాలసేపు జవాబు లేదు. ఆమె మరల అడుగక వేచియుండెను. మేమైనచో ఆ లోపల నాలుగుమార్లు అడిగియుందుము.

నాన్నగారు కండువాను నోటికడ్డముగా పట్టుకొనియే, "అన్నము ఎట్లో మ్రింగుచున్నానమ్మా. 'స' పలుకదు. నలుగురిలో సిగ్గుగా నున్నది" అనిరి. ఆ చెప్పిన "స" నిజముగనే పలుకలేదు. గాలి మాత్రము వచ్చెను.

త, ద, న, ల, స: ఇవి దంత్యములని మాకు నేర్పినది వారే. పండ్లు లేని నోటికి అవి సరిగా పట్టుబడవని మాకు తోచియుండవలసినది. రోగమనుకొన్న మౌనములో కొంతయైనను రోగము కాదు. జీవితమంతయు ఇతరుల ఉచ్చారణమును దిద్దిన మనిషి, తన ఉచ్చారణము చెడగా నోరు మూసికొనెను. మేము నాలుగు నెలలు భోజనమును గూర్చి వాదించుకొంటిమి.

అప్పుడు వైద్యురాలు మేమెఱుగని మార్గమొకటి చెప్పెను. పైవరుస అంగిలిని విశాలముగా కప్పును. తడిసిన రెండు గాజుపలకలు ఒకదానికొకటి అంటుకొనునట్లు ఉమ్మితడితో అది నిలుచును. క్రిందివరుసకు అంత చోటు లేదు, నాలుక దానిని కదపుచుండును. పండ్లు పోయిన దవడయెముక ఏటేట అరిగిపోవును గనుక ముసలితనమున క్రిందివరుస నిలుచుట మఱింత కష్టము. దంత్యములు పలుకుటకు కావలసినది ముఖ్యముగా పైపండ్లే. కావున పైవరుస మాత్రమే కట్టింతము. కొలతలు తగ్గును, శ్రమ తగ్గును, ఖర్చును తగ్గును. భోజనము ఇప్పటివలె మెత్తగనే పెట్టుడు. ఇదియే ఆమె సలహా. మేము ముగ్గురమును అచ్చటనే సరేయంటిమి.

తిరిగి వచ్చుచు దారిలో మాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చెను. మాలో నడిమివారు ఎనిమిదవ తరగతిలో నుండగా, క్రొత్తగా కొన్న కండ్లద్దములను వారము తిరుగకుండ కాలువలో ఈతకు పోయి పోగొట్టిరి. నాన్నగారు కొట్టలేదు. మరల పోగొట్టునా యనియు అడుగలేదు. ఆ నెల జీతము రాగానే మఱియొక జత కొని, దానికి నల్లదారము కట్టి మెడలో వేసిరి.

పైవరుస నాలుగు పర్యాయములలో సిద్ధమైనది. ఒకనాడు నాన్నగారు కోపించి అచ్చు తీయనీయలేదు. ఆనాడు ఊరకే తిరిగి వచ్చితిమి. వైద్యురాలు వరుస లోపలివైపున వారి పేరులోని మొదటి యక్షరములను ఆక్రిలిక్కులో పొదిగించెను. ఆస్పత్రులలోను సత్రములలోను పోయిన పండ్లు ఎవరివో తెలియుటకు ఇది మంచి పద్ధతియట. మేము దానికొక మూతగల డబ్బా కొని, నల్లదారముతో మంచపుకోటికి కట్టితిమి.

ఇది గొప్ప విజయమని చెప్పజాలము. మతిమఱపు తగ్గలేదు. కొన్ని దినములు వారు ఆ వరుసను చూచి "ఇది ఎవరిది?" అందురు. అట్టి దినమున బలవంతపెట్టము. లోకమున అందఱు భోజనమునకు పండ్లు పెట్టుకొందురు గదా, మా నాన్నగారు భోజనమునకు తీసివేసి మాటలాడుటకు పెట్టుకొందురు. ఉదయమున రెండు మూడు గంటలు చాలును.

మా చెల్లెలి కూతురికి ఏడేండ్లు. పాలపండ్లు ఇరువదింటిలో ముందువి రెండు ఊడినవి. మొన్న ఒకనాడు ఆమె "చలి" అని పలుకబోయి పలుకలేక నవ్వెను. నాన్నగారు నవ్వలేదు. "నాలుక ముందుకు" అని, తాము పలికి చూపి, మరల పలుకుమనిరి. ఆమెకు రాలేదు. "పండ్లు రానీ, అపుడు చూతము" అని ఊరకుండిరి.

ఆ కాగితమును మేము చించివేసితిమి. మా యింట ముసలివారిని గూర్చి ఏ నిర్ణయమైనను చేయవలసినపుడు, ఇప్పుడు మొదట వారి యెదుట పీట వేసికొని కూర్చుండుచున్నాము. జవాబు వచ్చువఱకు వేచియుండుట ఇంకను సరిగా చేతకాలేదు. నేర్చుకొనుచున్నాము.