ఏ ఒడ్డున ఇల్లు?

మన సభ్యుల్లో నార్ఫోక్ వైపు ఉద్యోగాలు దొరికి మూటాముల్లె సర్దుకుంటున్న కుటుంబాలు రెండు మూడు ఉన్నాయి. వెళ్ళేముందు అందరూ మమ్మల్ని అడిగేది ఒకటే: "అక్కడ అద్దెలెలా ఉన్నాయండీ? ఆఫీసు ఎన్ని మైళ్ళు?" మేమూ అవే అడిగి వెళ్ళినవాళ్ళమే. అడగవలసింది అది కాదని తెలియడానికి మాకు ఏడాది పట్టింది. మీకు ఆ ఏడాది మిగులుతుందన్న ఆశతో ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాం.

వర్జీనియా రాష్ట్రానికి ఆగ్నేయపు మూలనున్న ఆ ప్రాంతం పేరు హాంప్టన్ రోడ్స్. పేరు విని అక్కడ రోడ్లు బాగుంటాయి కాబోలనుకున్నాం. తీరా వెళ్ళి చూద్దుం గదా, ఆ "రోడ్స్" మన రోడ్లు కావు. ఓడలు గాలివాన భయం లేకుండా లంగరు దించుకునే నీటిపట్టుకు పూర్వం నుంచీ నావికులు పెట్టుకున్న మాట అది. జేమ్స్, ఎలిజబెత్, నాన్సెమండ్ నదులు అక్కడ కలిసి చీసపీక్ అఖాతంలోకి పోతాయి. అంటే ఊరి పేరులోని రోడ్డు కూడా నీళ్ళేనన్న మాట!

ఆ నీటికి దక్షిణపు ఒడ్డున నార్ఫోక్ నౌకాస్థావరం ఉంది. 1917లో మొదలైన ఈ స్థావరం ప్రపంచంలోని నౌకాస్థావరాలన్నిటిలోకీ పెద్దది. విమానాలను మోసుకుపోయే మహానౌకలు అక్కడ వరసగా కట్టి ఉంటాయి. ఉత్తరపు ఒడ్డున హాంప్టన్, న్యూపోర్ట్ న్యూస్ పట్టణాలు, లాంగ్లీ వైమానిక స్థావరం. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు నిండుగా వంతెన కట్టలేదు. యుద్ధం వచ్చి వంతెన కూలితే ఓడలన్నీ లోపలే చిక్కుబడిపోవూ? అందుకని రెండు వైపులా కొంతదూరం వంతెన వేసి, నడిమిన రెండు కృత్రిమ ద్వీపాలు కట్టి, ఆ ద్వీపాల మధ్య రోడ్డును నీటి అడుగున సొరంగంలోంచి తీసుకుపోయారు. మొదటి సొరంగం 1957లోనూ, దాని జోడు 1976లోనూ తెరిచారు. పైన యుద్ధనౌక పోతుంటే కింద మనం కారులో పోతాం. మొదటిసారి పోయినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. మేమూ ముక్కున వేలేసుకున్నాం. ఆ ముచ్చట వారం రోజులే!

మా ఉద్యోగం స్థావరంలో పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో. మ్యాపు పరిచి చూస్తే హాంప్టన్ నుంచి ఆఫీసు సుమారు పది మైళ్ళు. అద్దె తక్కువ, ఇల్లు విశాలం. ఇంకేం, మారు మాట లేకుండా ఉత్తరపు ఒడ్డున దిగాం. తెల్లవారి అయిదున్నరకు బయలుదేరితే పావుగంట ప్రయాణం. ఆరున్నరకు బయలుదేరితే గంట, ఒక్కొక్కప్పుడు గంటన్నర. లోపల ఒక్క టైరు పగిలిందంటే వెనక మైళ్ళకొద్దీ బండ్లు నిలిచిపోతాయి. పడమటికి పోయే పాత గొట్టం ఎత్తు పదమూడున్నర అడుగులే. అంతకు మించిన లారీ ఏదైనా వచ్చిందంటే దాన్ని వెనక్కి తిప్పి పంపేదాకా అందరూ ఆగవలసిందే. ఇదంతా దాటి గేటు దగ్గరికి వస్తే అక్కడ ఇంకో వరస. కార్డు చూపాలి, వాళ్ళు ముఖం చూడాలి. సరిగ్గా ఎనిమిది గంటలకు జెండా ఎగరేస్తారు. ఆ పాట అయ్యేదాకా లోపల కార్లన్నీ ఉన్నచోటనే ఆగిపోతాయి. ఆ రెండు నిమిషాలే మాకు రోజంతటిలో విసుగు పుట్టించని ఆగడం.

2018 జూన్ నెలలో మా అమ్మ కోనసీమ నుంచి మొదటిసారి అమెరికా వచ్చింది. విమానాశ్రయం కూడా నార్ఫోక్ ఒడ్డుననే. ఆ వేళ శుక్రవారం. సెలవు పెట్టి ఇంటి నుంచే రెండు గంటల ముందు బయలుదేరాం. సముద్రపు ఒడ్డుకు షికారు పోయే జనం ఒకవైపు, సొరంగంలో ఎవరిదో కారు చెడిపోవడం ఒకవైపు. వంతెన ఎక్కకముందే నిలిచిపోయాం. ఆవిడకు ఇంగ్లీషు రాదు, చేతిలో ఫోను లేదు. సంచిలో మా నెంబరు రాసిన చీటీ ఉందంతే. కళ్ళెదుట నీళ్ళు, అవతలి ఒడ్డున అమ్మ. దిగి నడవడానికీ లేదు, వెనక్కి తిరగడానికీ లేదు. చాలాసేపటికి తెలియని నెంబరు నుంచి ఫోను వచ్చింది. నావికుడి దుస్తుల్లో ఉన్న ఎవరో కుర్రవాడు ఆ చీటీ చూసి మాకు కలిపి అమ్మకిచ్చాడట. "కంగారు పడకు నాయనా, నేను కూచునే ఉన్నాను" అంది. గొంతులో వణుకు మాకు తెలుస్తూనే ఉంది.

విమానం దిగిన రెండు గంటలకు ఆవిడను చేరాం. దోవలో సంగతంతా చెప్పి సిగ్గుపడ్డాం. ఆవిడ కాసేపు విని, "కోటిపల్లి రేవులో పంటు కోసం మేం పూటలు పూటలు కూచోలేదట్రా! అందుకే పిల్లనిచ్చేటప్పుడు అబ్బాయిదే ఒడ్డు అని ముందు అడిగేవాళ్ళం. ఎంత దూరమన్నది తరవాతి మాట. పురిటికి తీసుకురావాలన్నా, ఆపదకు పరుగెత్తాలన్నా మధ్యన ఏరుంటే కష్టం గదా. ఇంత చదివి, ఇల్లు తీసుకునేటప్పుడు ఆ మాట నీకు తోచలేదా?" అంది. జవాబు లేదు మా దగ్గర. ఆ ఆగస్టులోనే నార్ఫోక్ ఒడ్డుకు మారిపోయాం. అద్దె పెరిగింది, ఇల్లు ఇరుకైంది, సాయంత్రాలు మాత్రం మాకు తిరిగి దక్కాయి. పోయినదీ ఉంది. హాంప్టన్‌లో తలుపు తట్టకుండా వచ్చిపోయే స్నేహితులు ఇప్పుడు పండక్కి మాత్రమే కనబడే స్నేహితులయ్యారు.

వెళ్ళేవాళ్ళకు ఇంకో నాలుగు సంగతులు. "మా ఆవిడకు ఇంకా కారు రాదు, రైలు ఉందిటగా" అంటారు కొందరు. 2011లో నడిపించిన "టైడ్" అనే చిన్న రైలు ఏడున్నర మైళ్ళ లోపే. అది నౌకాస్థావరం దాకా పోదు. పొరుగునున్న వర్జీనియా బీచ్‌కు పొడిగించడానికి 2016లో అక్కడి ఓటర్లు ఒప్పుకోలేదు. కనుక కారు నేర్చుకోక తప్పదు. నార్ఫోక్, పోర్ట్స్‌మత్‌ల మధ్య ఎలిజబెత్ నది మీద మనుషుల్ని దాటించే ఫెర్రీ ఉంది. సెలవునాడు పిల్లలతో ఎక్కండి, బాగుంటుంది. ఆ రెండు ఊళ్ళ మధ్య సొరంగాలకు 2014 నుంచి టోల్ కట్టాలి. రోజూ అటు పోవలసి ఉంటే అద్దెతో పాటు అదీ లెక్క వేసుకోండి. వర్జీనియాకు కాపురం మారిన ముప్ఫై రోజుల్లో బండిని, అరవై రోజుల్లో లైసెన్సును అక్కడికి మార్చుకోవాలి. కారుకు ఏటేటా ఆస్తిపన్ను కూడా ఉంటుంది. ఇది విని చాలామంది తెల్లబోతారు. పోటు బాగా పొడిచిన రోజుల్లో వాన చుక్క లేకపోయినా నార్ఫోక్‌లో పల్లపు వీధుల్లోకి నీళ్ళు వస్తాయి. ఇల్లు చూసేటప్పుడు పక్కింటివాళ్ళను ఆ సంగతి అడగడం మరచిపోకండి.

ఇప్పుడున్న సొరంగాల పక్కన మరో రెండు తవ్వడానికి 2020లో పని మొదలైంది. తవ్వే యంత్రానికి "మేరీ" అని పేరు పెట్టారు. హాంప్టన్‌లోని నాసా కేంద్రంలో పనిచేసిన నల్లజాతి ఇంజనీరు మేరీ జాక్సన్ పేరది. సొరంగాలెన్ని పెరిగినా నీళ్ళు నీళ్ళే గనుక, ఒడ్డు చూసుకునే దిగండి.

ఆరు నెలలుండి అమ్మ తిరిగి వెళ్ళే రోజున విమానాశ్రయం మా ఇంటికి పావుగంట దూరం. అయినా ఆవిడ తెల్లవారుతూనే చీర మార్చుకుని, పెట్టె గుమ్మంలో పెట్టుకుని కూచుంది. "ఇంకా చాలా టైముందమ్మా, మధ్యన ఏరు లేదుగా" అన్నాం. "ఏమోరా, రేవుకు ముందు పోయి కూచుంటేనే నాకు నెమ్మది" అంది. మేమూ పక్కనే కూచున్నాం.