కోడిపిల్లకూ తోడు వేశారు!

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి. సముద్రాన్ని ఆనుకుని ఉన్న చల్లని ఊరు. డిసెంబరులో పగలు నిండా ఆరు గంటలైనా ఉండదు. అదే జూన్ నెలాఖరులో వెళ్ళారనుకోండి, రాత్రి పదిన్నరకి కూడా సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు!

ఊరు చూడటం రేవు పక్కనున్న బజారుతో మొదలుపెట్టండి. 1889లో తెరిచిన పాత మార్కెట్ భవనం అక్కడే ఉంది. వేసవిలో ఆరుబయట బల్లల మీద స్ట్రాబెర్రీలు, బఠాణీ కాయలు పోసి లీటరు లెక్కన కొలిచి అమ్ముతారు, మన పల్లెల్లో సోలతో, తవ్వతో కొలిచినట్టు. పాల దుకాణంలో 'పీమా' అనే పుల్లమజ్జిగ, 'వీలి' అనే తీగలా సాగే పెరుగు దొరుకుతాయి. తోడు పెట్టిన పాలంటే వాళ్ళకీ ఇష్టమేనన్నమాట!

తోడు సంగతి మనకి కొత్తా? తోడు లేని రోజున గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళని ఇల్లాలు ఉందా? అలాంటి తోడే కోడిపిల్ల కడుపులోనూ వేయవచ్చని లోకానికి చూపించింది ఈ ఊరివాళ్ళే.

1971లో ఫిన్లాండ్ బ్రాయిలర్ కోళ్ళలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి విపరీతంగా వ్యాపించింది. అది కడుపులో ఉన్నా కోడి చాలాసార్లు బాగానే కనిపిస్తుంది. దాని మాంసం సరిగా ఉడక్కపోతే మాత్రం తిన్నవాళ్ళకి జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి. పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ ప్రాణం మీదికి కూడా వస్తుంది.

హెల్సింకిలో పనిచేసే పశువైద్య శాస్త్రవేత్త ఎస్కో నూర్మి, రంటాలాతో కలిసి దీనికి మందు కాని మందు కనిపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగుల్లోని పదార్థాన్ని ఒకటి రెండు రోజుల పిల్లలకు పట్టించారు. ఆ తర్వాత సాల్మొనెల్లా ఇచ్చినా ఆ పిల్లలు చాలావరకు తట్టుకున్నాయి! ఈ సంగతి 1973లో 'నేచర్' పత్రికలో అచ్చయింది.

ఎలాగంటారా? పెట్ట పొదిగిన పిల్ల తల్లి వెంట తిరుగుతుంది. తల్లి కాళ్ళతో గీరిన చోటే తనూ ముక్కుతో పొడుస్తుంది. అలా తల్లి కడుపులోని మంచి సూక్ష్మజీవులు పిల్లకీ చేరతాయి. మిషనులో 21 రోజులకి పుట్టే పిల్లకి తల్లే తెలియదు. దాని పేగులు ఖాళీ బస్సులాంటివి. ముందు ఎవరెక్కితే వాళ్ళదే సీటు. మంచి సూక్ష్మజీవులు ముందే కర్చీఫ్ వేసి సీట్లు ఆపుకుంటే సాల్మొనెల్లాకి నిలబడే చోటుండదు. పైగా అవి తయారుచేసే ఆమ్లాలు దానికి గిట్టవు. పెరుగులోని పులుపు చెడ్డవాటిని దూరంగా ఉంచినట్టే.

ఫిన్లాండ్ ఈ ఒక్కదానితో సరిపెట్టుకోలేదు. దాణానీ, కోళ్ళనీ పరీక్షించడం, షెడ్లు శుభ్రంగా ఉంచడం, అన్నీ కలిపి చేసింది. 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరేటప్పుడు, బయటినుంచి వచ్చే కోడిమాంసం, గుడ్లు సాల్మొనెల్లా పరీక్ష అయ్యాకే రావాలని ప్రత్యేక హామీ కూడా తీసుకుంది.

మన బజారులో కొన్న కోడి ఎలా పెరిగిందో మనకు తెలియదు కదా! అందుకని జాగ్రత్త మన వంటింట్లోనే మొదలవ్వాలి. పచ్చిమాంసాన్ని కుళాయి ధార కింద కడగకండి. తుంపరలు పక్కనున్న గిన్నెల మీద పడతాయి. మాంసం కోసిన కత్తితోనే కొత్తిమీర తరగకండి. ముక్క లోపలిదాకా ఉడకాలి. పిల్లలకు పెట్టే గుడ్డులో పచ్చసొన గట్టిపడాలి. మాంసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి.

హెల్సింకి వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ రాత్రి పాలల్లో తోడు వేసేటప్పుడు ఆ కోడిపిల్లల్ని ఒక్కసారి తలుచుకోండి. చిన్న చెంచాడు తోడు ఎంత పని చేస్తుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు!