తెర మీది గ్రహాలు

ఆకాశంలో గ్రహాలు నిరంతరం కదులుతూ ఉంటాయి. నల్లబల్ల మీద గీసిన బొమ్మ మాత్రం కదలదు. గ్రహగతులను బోధించడంలోని కష్టమంతా ఇక్కడే ఉంది. హోసూరు ప్రాంతంలోని ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో నేను చాలా ఏండ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా పిల్లలు కెప్లర్ సూత్రాలు మూడింటినీ తడబడకుండా ఒప్పజెప్పేవారు. "ఎండాకాలం ఎందుకు వస్తుంది?" అని అడిగితే మాత్రం, "అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది సార్" అనేవారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, మనం చలికి వణికే రోజులలో. ఋతువులకు కారణం భూమి అక్షం వంపు.

ఈ పొరపాటు భావన కలగడానికి పుస్తకాలలోని బొమ్మ కూడా కొంత కారణం. అందులో భూకక్ష్య కోడిగుడ్డులా సాగి కనిపిస్తుంది. కాని ఆ కక్ష్యను 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో కాగితం మీద గీస్తే, కంటికి అది వృత్తంలాగే ఉంటుంది. సూర్యుడు కేంద్రం నుంచి 1.7 మిల్లీమీటర్లు మాత్రమే పక్కకు జరిగి ఉంటాడు.

మా బడికి ఒక కంప్యూటర్ వచ్చిన తరువాత ఈ పాఠం చెప్పే తీరు మారింది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన 'ఫెట్' అనే పథకం వారు విజ్ఞానశాస్త్ర అనుకరణలను ఉచితంగా అందిస్తున్నారు. వాటిలో ఒకటి గురుత్వాకర్షణకూ కక్ష్యలకూ సంబంధించినది. అందులో సూర్యుడి ద్రవ్యరాశిని పెంచవచ్చు, తగ్గించవచ్చు. గురుత్వాకర్షణనే లేకుండా చేయవచ్చు.

నేను ఒక నియమం పెట్టాను. మీట నొక్కడానికి ముందు ప్రతి ఒక్కరూ తమ ఊహను నోటుపుస్తకంలో రాయాలి. "గురుత్వాకర్షణ లేకపోతే భూమి ఏమవుతుంది?" అని అడిగాను. కొందరు కిందికి పడిపోతుందన్నారు. కొందరు ఆగిపోతుందన్నారు. మీట నొక్కగానే తెర మీది భూమి వంపు వదలి తిన్నగా సాగిపోయింది. రాగి చేలో పిట్టలను తోలే ఒక పిల్లవాడు, "ఒడిసెల తాడు వదిలితే రాయి పోయినట్టు పోయింది సార్!" అని అరిచాడు. ఆనాడు ఆ సూత్రం వాడి సొంతమయింది.

అప్పుడు ఒక బాలిక లేచి నిలబడింది. "సార్, కంప్యూటర్‌కు మనుషులు ఏది చెబితే అదే కదా చూపుతుంది? ఆకాశం కూడా ఇలాగే నడుస్తుందని ఎట్లా తెలుస్తుంది?"

ఆ ప్రశ్నకు సమాధానం కంప్యూటర్‌లో లేదు. అదృష్టవశాత్తు అది 2024 నవంబరు మాసం. భూమినీ కుజుడినీ కలిపి నడిపే మరో అనుకరణను చూపించాను. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కుజుడి వేగం సుమారు 24 కిలోమీటర్లు. అందువల్ల దాదాపు 26 నెలలకొకసారి భూమి కుజుణ్ణి దాటిపోతుంది. మన బస్సు ఎద్దులబండిని దాటేటప్పుడు, దూరపు కొండ ముందు ఆ బండి వెనక్కి జరుగుతున్నట్టు కనబడుతుంది కదా! కుజుడూ అంతే. పంచాంగాలలో 'కుజ వక్రం' అని రాసేది దీనినే. తెర మీద చూసిన ఈ వక్రగతిని ఆకాశంలోనూ చూడాలని నిశ్చయించుకున్నాము.

డిసెంబరు నుంచి వారానికి ఒకరోజు పిల్లలు తమ ఇళ్ళ మిద్దెల మీద నిలబడి, పునర్వసు జంట తారలకు కుజుడు ఏ వైపున, ఎంత దూరంలో ఉన్నాడో కాగితంపై చుక్కపెట్టారు. డిసెంబరు 7న కర్కాటకరాశిలో నిలిచి పడమరకు మళ్ళిన కుజుడు, జనవరిలో ఆ తారల పక్కగా సాగి, 2025 ఫిబ్రవరి 24న మిథునరాశిలో మళ్ళీ నిలిచి తూర్పుకు తిరిగాడు. మార్చిలో ఆ బాలిక తన చుక్కలన్నిటినీ కలిపి గీత గీసింది. తెర మీద చూసిన మెలికే కాగితం మీదికి వచ్చింది. "ఇప్పుడు నమ్ముతాను సార్" అన్నది.

నాలుగు శతాబ్దాల కిందట కెప్లర్ చేసినదీ ఇదే. టైకో బ్రాహీ దూరదర్శిని లేకుండా, కంటితో చూసి కుజుడి స్థానాలను నమోదు చేశాడు. వృత్తాకార కక్ష్యతో కెప్లర్ కట్టిన లెక్కకూ, ఆ స్థానాలకూ 8 కళల తేడా వచ్చింది. అది పూర్ణచంద్రుడి వెడల్పులో సుమారు నాలుగో వంతు. ఆ కొద్దిపాటి తేడాను ఆయన ఉపేక్షించలేదు. ఎంతో శ్రమతో కట్టిన లెక్కను వదులుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. కక్ష్య దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించాడు.

కంప్యూటర్ చూపేది ఎంత అందంగా ఉన్నా, దానిని ఆకాశంతో సరిచూసుకోవాలి. అడగడానికి జంకని పిల్లలకే ఆ యంత్రం మంచి గురువవుతుంది. 2027 ఫిబ్రవరి 19న కుజుడు సింహరాశిలో మళ్ళీ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు. అంతకు నెల ముందే అతని వక్రగతి మొదలవుతుంది. ఒక కాగితం, ఒక పెన్సిలు సిద్ధంగా ఉంచుకుంటే చాలు.